భక్తాగ్రేసరుడు కంచర్ల గోపన్న

ఆంధ్రదేశమున శ్రీరామనవమినాడు పందిరి వేయని గ్రామ మరుదు. ఆ పందిళ్ళలో భద్రాచల రామదాసు కీర్తన వినబడని చోటు మఱింత యరుదు. పండితుని యింటను, పాలేరు గుడిసెలోను, దేవుని పల్లకి ముందరను, చేని గట్టుమీదను ఒక్క తీరుగ పాడబడు పాటలు ఏ దేశమునందైనను కొద్దిగానే యుండును. అట్టి పాటలను మనకిచ్చిన మహనీయుడు కంచర్ల గోపన్న. ఆయన నియోగి కుటుంబమున జన్మించినవా డగుటచే మన శాఖవా రాయనను మనవాడని చెప్పుకొని సంతోషించుట సహజమే. ఆ సంతోషమునకు తగిన యర్హత మనకు కలుగవలెనన్నచో ఆయన జీవితమును మొదటినుండి తుదివరకు ఒకసారి పరిశీలింపవలసియున్నది. ఆయన కొలిచిన దేవుని మూర్తిని ముందుగా కనుగొన్నది అడవిలోని యొక స్త్రీ. ఆయనకు తారకమంత్ర ముపదేశించినవాడు సాలెమగ్గముపై బ్రతికిన ముసల్మాను సాధువని జనశ్రుతి. ఆయనను చెఱలో వేసినవాడును, చెఱ విడిపించి ఆ దేవునికి ముత్యములు పంపినవాడును మహమ్మదీయుడైన ప్రభువు. వీరి నందఱను తొలగించి చూచినచో గోపన్న చరిత్రలో మిగులునది యొక తహసీలుదారుని యుద్యోగకథ మాత్రమే. ఈ విషయము మన సభాసదులును, పోషకులును మనసునం దుంచుకొని యీ వ్యాసమును చదువుదురుగాక.

దేశస్థితి

ఖమ్మము పట్టణమునకు సుమారు 20 కిలోమీటర్ల దూరమున నేలకొండపల్లి యను గ్రామము కలదు. భారతమునందలి విరాటనగర మిదియేయని స్థలపురాణము. ప్రాచీన బౌద్ధస్తూపము యొక్కయు, విహారముల యొక్కయు అవశేషములచట బయల్పడినవి. అనగా ఆ నేలపై నేడు మనమెఱిగిన మతములకు పూర్వమును పలువిధములైన ప్రార్థనలు జరిగినవనుట స్పష్టము. గోపన్న జన్మస్థానమిదియే.

అచటినుండి తూర్పుగా పోయినచో భూమి క్రమముగ రూపు మార్చుకొనును. చెఱువుల క్రింది వరిపొలములు తగ్గి మిట్టచేలు వచ్చును. మిట్టచేలు తగ్గి టేకు, ఇప్ప, తునికి, వెదురు గల యడవులు వచ్చును. పాల్వంచ దాటిన పిదప గోదావరి కనబడును. నదికావలి యొడ్డున చిన్న కొండ, అదియే భద్రాద్రి. మేరువు కుమారుడైన భద్రుడను మహర్షి యచట తపము చేసెననియు, ఆయనకిచ్చిన వరముచే శ్రీరాముడు శంఖచక్రములతో చతుర్భుజుడై వెలసెననియు స్థలపురాణము. ఎగువన పర్ణశాల, దిగువన కూనవరమొద్ద గోదావరిలో కలియు శబరినది, చుట్టునుగల పల్లెలలో కోయలు, కొండరెడ్లు. రామకథలోని సీతాపహరణమును, శబరి యాతిథ్యమును ఈ ప్రాంతపు ప్రజలు తమ యూరి సంగతులవలెనే చెప్పుకొందురు.

ఇది యెల్లప్పుడును పొలిమేర దేశమే. 1860వ సంవత్సరమున భద్రాచలము నిజాము ప్రభుత్వమునుండి ఆంగ్లేయుల కీయబడి మధ్యపరగణాలలో చేరెను. 1874లో మదరాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో కలిసెను. 1959లో ఖమ్మము జిల్లాకు వచ్చెను. 2014లో రాష్ట్రవిభజన జరిగినప్పుడు పట్టణము తెలంగాణమున నిలువగా చుట్టుపట్లనున్న గ్రామములు పెక్కు ఆంధ్రప్రదేశమునకు చెందినవి. 2016లో ఆ స్వామి పేరే యొక క్రొత్త జిల్లాకు పెట్టబడెను. ఇన్ని సరిహద్దులు మాఱినను రేవు దాటి వచ్చు యాత్రికుడు మాఱలేదు. నదికి రెండువైపుల ప్రభుత్వములు వేఱుగా నుండిన దినములలోను ఇరువైపులవారికి దేవుడొక్కడే.

వంశము, బాల్యము

గోపన్న 17వ శతాబ్దివాడు. తండ్రి లింగన్న మంత్రి, తల్లి కామాంబ, గోత్రము ఆత్రేయము. ఆనాటి నియోగి కుటుంబములలో వలెనే బాలునకు సంస్కృతాంధ్రములతో పాటు లెక్కలు, దస్తరము, రాచవ్యవహారమునకు వలయు పారసీక పదజాలము నేర్పబడియుండును. కలము పట్టి కొలువు చేయుట ఆ యింటి వృత్తి. రామనామ మాయింటి వ్రతము. రఘునాథ భట్టరను వైష్ణవాచార్యుని గురువుగా తాను పొందిన సంగతి ఆయన తన శతకమునందే చెప్పుకొన్నాడు. యౌవనమున కమలమ్మను వివాహమాడెననియు, వారికొక కుమారుడు కలిగెననియు చరిత్రకథలు చెప్పుచున్నవి.

గోలకొండ ప్రభుత్వమున మిక్కిలి పలుకుబడి గడించిన అక్కన్న మాదన్న లాయనకు మేనమామలని పరంపరగా వచ్చుచున్న మాట. 1672లో అబుల్ హసన్ కుతుబ్‌షా సింహాసన మెక్కిన కొలది కాలమునకు మాదన్న రాజ్యకార్యభారమును వహించెను. మేనమామ చలువచే గోపన్నకు పాల్వంచ పరగణా తహసీలుదారీ లభించెను. బంధుత్వముచే ఉద్యోగము వచ్చుట మన శాఖవారికి క్రొత్త కాదు. ఆ యుద్యోగము చేతికి వచ్చిన పిదప దానితో నేమి చేసెననుటయే మనుష్యుని కొలత.

గోలకొండ కొలువు

ఆనాటి గోలకొండను గూర్చి నాలుగు మాటలు చెప్పక తప్పదు. కుతుబ్‌షాహీ ప్రభువులు షియా మతస్థులు. అయినను దేశభాషయైన తెనుగును వారు పరాయిగా చూడలేదు. 1550 మొదలు 1580 వరకు రాజ్యమేలిన ఇబ్రహీమును మన కవులు మల్కిభరాముడని పిలిచిరి. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానము నాయనకే యంకితము చేసెను. పొన్నగంటి తెలగన అచ్చతెనుగు యయాతిచరిత్రమును అమీనుఖానునకు కృతియిచ్చెను. ఇబ్రహీము కుమారుడు మహమ్మదు కులీ స్వయముగ దక్కనీ భాషలో కవి. ఆయన తన గీతములలో ఈదుపండుగను పాడినట్లే వసంతోత్సవమును పాడెను. మతముల ఆచారములు వేఱైనను వాని యన్నింట నడుగున నున్నది ప్రేమ రహస్యమొక్కటియే యను భావమును నిస్సంకోచముగ వెల్లడించెను.

అబుల్ హసను రాజగుటకు పూర్వము షా రాజు అను సూఫీ గురువు నాశ్రయించి ఆయన మఠమున సాధుజీవనము గడపినవాడు. తానీషా యను పేరును ఆ గురువు ముద్దుగా పెట్టినదేయని చెప్పుదురు. కృష్ణాతీరమున కూచిపూడి భాగవతుల నాట్యమును చూచి మెచ్చి ఆ గ్రామమును వారికి అగ్రహారముగ నొసంగినవా డీయనయే యని ప్రసిద్ధి. ఇట్టి ప్రభువు పాలనలో రామభక్తుడొకడు తహసీలుదారుగా పాల్వంచకు వచ్చెను.

దమ్మక్క

గోపన్న రాకకు ముందే భద్రగిరిపై దేవుడున్నాడు. ఆ దేవునికి అర్చకురాలును ఉన్నది. ఆమె పేరు పోకల దమ్మక్క. భద్రిరెడ్డిపాలెమను అడవిపల్లె ఆమె నివాసము. ఒకనాటి రాత్రి స్వప్నమున రాముడు తాను కొండపై నున్నట్లు చెప్పగా ఆమె మఱునాడు వెదకి, పుట్టలో దాగియున్న విగ్రహములను గుర్తించి, గోదావరి జలము బిందెలతో మోసి పుట్టమన్ను కరగించి, స్వామిని వెలికి తీసెనట. కొమ్మలతోను ఆకులతోను పందిరి వేసి, అడవిలో దొరకు తాటిపండును నివేదనము చేసి, తనకు తెలిసిన విధమున పూజించుచుండెనట. ఆగమము లేదు, మంత్రము లేదు, మడిబట్ట లేదు. ఆమె పెట్టినది స్వామి తినెనని ప్రజలు నమ్మిరి.

పాల్వంచనుండి జనులు గుంపులుగా జాతరకు పోవుచుండగా తహసీలుదారును వారితో కలిసి గోదావరి దాటెను. ఆకుపందిరి క్రింద ఎండకును వానకును తాళియున్న మూర్తులను చూచెను. దమ్మక్క తన కథనంతయు చెప్పి, ఇన్నాళ్ళు తాను చేయగలిగినది తాను చేసితిననియు, ఇక గుడి కట్టించు భారమాయనదేయనియు విన్నవించెనని కథ. అధికారముద్ర చేతగల బ్రాహ్మణుడు అడవిస్త్రీ యాజ్ఞను తలదాల్చెను. భద్రాచల క్షేత్రచరిత్రకు ఇదియే మొదటి మెట్టు. నేటికిని ఆ క్షేత్రమున గోపన్న పేరు చెప్పినచోట దమ్మక్క పేరును చెప్పుట పెద్దలు విడువలేదు. విడువరాదు.

ఆలయనిర్మాణము

గుడి కట్టుటకు ధనము కావలెను. పరగణాలోని రైతులు పంట చేతికి వచ్చినప్పుడు తలకొంత ఇత్తుమని మాట యిచ్చిరని కొందఱు చెప్పుదురు. అంతవఱకు ఆగుట గోపన్నకు సాధ్యము కాలేదు. సర్కారుకు చేరవలసిన శిస్తు సొమ్ములో ఆఱు లక్షలు వెచ్చించి గర్భగుడి, మండపము, ప్రాకారము, గోపురము నిర్మించెను. సీతమ్మకు పతకము, స్వామికి కలికితురాయి, లక్ష్మణ భరత శత్రుఘ్నులకు వేర్వేరు సొమ్ములు చేయించెను. ఆ యాభరణములలో కొన్ని నేటికిని దేవస్థానమున భద్రముగ నున్నవి.

ఈ ఘట్టమున భక్తి పారవశ్యముచే న్యాయవిచారణను మఱచుట తగదు. ఆ సొమ్ము ప్రభువుది. అంతకంటె ముందు ఎండలో దున్నిన కాపుది. ఒకరి నమ్మకమునకై మఱియొకరి ధనమును అడుగక వాడుట సాధారణ ధర్మమున కంగీకార్యము కాదు. తానీషా దండించుటలో తప్పు లేదని చెప్పువారికి గట్టి యాధారమే కలదు. గోపన్న పక్షమున చెప్పదగినది యొక్కటే. ఆయన ఆ ధనములో తన యింటికొక కాసైనను తీసికొనిపోలేదు. కట్టినది తన మేడ కాదు. అడవికి నడుమ, ధనికుల నగరములకు దూరముగ, కోయపల్లెల చెంత ఆ గుడి వెలసెను. శిస్తు కట్టినవారే దానికి యాత్రికులైరి. అయినను అపరాధ మపరాధమే. దానికి మూల్యమును ఆయనయే చెల్లించెను.

కబీరు రాక

గోపన్న రామదాసైన కథ ఇచటనే ప్రారంభమగుచున్నది. ఉత్సవదినములలో ముసల్మాను వేషముతో నున్న సాధువొకడు స్వామిదర్శనమునకు వచ్చెనట. అర్చకులు లోనికి రానీయలేదు. ఆ క్షణముననే గర్భగుడిలో మూర్తి కానరాక పోయెనట. విషయము గ్రహించిన గోపన్న పరుగున పోయి సాధువును చేయిపట్టి లోనికి కొనివచ్చినంతనే స్వామి మరల ప్రత్యక్షమయ్యెనట. ఆ సాధువే కబీరుదాసనియు, ఆయనయే గోపన్నకు తారకమంత్ర ముపదేశించి రామదాసను పేరు పెట్టెననియు ఆంధ్రులందఱు నమ్ముచున్నారు. మఱియొక కథలో శ్రీరామనవమి సంతర్పణమునాడు గోపన్న పసిబిడ్డ మరుగుచున్న గంజిలో పడి ప్రాణము విడువగా, గురుని ప్రార్థనచే రాముడా బిడ్డను బ్రతికించెను.

కాలమును లెక్కించినచో కాశీలోని కబీరు 15వ శతాబ్దివాడు, గోపన్న 17వ శతాబ్దివాడు. కావున భద్రగిరికి వచ్చినవాడు కబీరు మార్గమున నడచిన సాధువై యుండునని తలచుట యుక్తము. అయినను చరిత్రకారుని లెక్క తీరిన పిదప కూడ ఒక ప్రశ్న మిగిలియున్నది. కట్టుకథయే యగునెడల, తమ ప్రియభక్తునికి గురువుగ నుండుటకు ఆంధ్రప్రజలు ఏ పీఠాధిపతినో యెన్నుకొనక, కాశీ జులాహా కుటుంబమున పెరిగిన సాలెవానిని ఏల యెన్నుకొనిరి? పేరుగల ఆచార్యుడొకడు గోపన్నకు ముందే యున్నాడు గదా. ఆ యాచార్యుని మీద గౌరవము తగ్గకుండగనే జనులు మఱియొక గురువును తెచ్చి ప్రక్కన నిలిపిరి. శాస్త్రము ఇచ్చినది చాలలేదని, మనుష్యుని మనుష్యునిగ చూచు దీక్ష యింకొకటి కావలెనని వారికి తోచియుండును.

కబీరు రాముడును, రామదాసు రాముడును ఒక్కరే కారు. కబీరు రాముడు రూపములేనివాడు, గుడిలోను మసీదులోను ఇమడనివాడు, దశరథుని యింట పుట్టనివాడు. రామదాసు రాముడు భద్రాద్రిపై కూర్చున్నవాడు, సీతను తొడపై నుంచుకొన్నవాడు, నగలు పెట్టించుకొన్నవాడు. ఒకరు విగ్రహమును కాదనగా మఱియొకరు విగ్రహమునకు కిరీటము చేయించిరి. ఇంత భేదముగల యిరువురను గురుశిష్యులుగ చేసిన జనుల బుద్ధి సామాన్యమైనది కాదు. దేవుని రూపమును గూర్చి వారు విభేదింపవచ్చును. దేవుని ముందర నిలుచు మనుష్యుని గూర్చి విభేదము లేదు. కబీరు తన సూటిమాటలతో పండితుని, ముల్లాను ఒక్క త్రాసులో పెట్టి తూచెను. రామదాసు తర్కము చేయలేదు. గుడి వాకిట నిలిచిన పరదేశిని చేయిపట్టి తీసికొనివచ్చెను.

తెనుగుదేశమున ఈ భావమునకు వేళ్ళు లోతుగానే యున్నవి. ఓరుగల్లు సీమలో 13వ శతాబ్దిని పాల్కురికి సోమనాథుడు శివభక్తులలో కులము నెంచుట పాపమని దేశికవిత్వమున చాటెను. 15వ శతాబ్దిని తాళ్ళపాక అన్నమాచార్యుడు రాజు నిద్రయు బంటు నిద్రయు ఒక్కటేయను భావముతో పరబ్రహ్మ మొక్కటేయని పాడెను. మహారాష్ట్రమున మహరు కులజుడైన చొక్కమేళుడు విఠలుని గుడి వెలుపల నిలిచియే విఠలుని పాడెను. కాశీలో చర్మకారుడైన రవిదాసు దుఃఖము లేని పట్టణమును తన పాటలో కట్టెను. కబీరు రవిదాసుల వాక్కులను సిక్కులు తమ పవిత్రగ్రంథమున చేర్చుకొని గురువాక్యములతో సమముగ తలవంచి వినుచున్నారు. భాషలు వేఱు, మతములు వేఱు, కాలములు వేఱు. ఈ కవులందఱు ఒకరి నొకరు చూడలేదు. అందఱిని కలిపినది మనుష్యునికి మనుష్యుడు చేసిన యవమానము. దానిని దేవునితో చెప్పుకొనవలెనను తాపము.

గోలకొండ చెఱ

శిస్తు సొమ్ము చేరలేదను వార్త గోలకొండకు పోయెను. ప్రభువు గోపన్నను పిలిపించి లెక్క యడిగెను. ఖర్చు చేసిన సంగతిని గోపన్న దాచలేదు. మేనమామలు దివాణమున నుండియు రక్షింపలేకపోయిరి. రక్షించినచో బంధుపక్షపాతమను నింద వారిపై పడియుండును. గోపన్న చెఱసాలపాలయ్యెను. పండ్రెండు సంవత్సరములు ఆయనచట నుండెనని పరంపర. ఆయన చెఱయని చెప్పబడు గది గోలకొండ కోటలో నేటికిని చూపబడుచున్నది. గోడపై సీతారామలక్ష్మణుల యొక్కయు, హనుమంతుని యొక్కయు రూపములు చెక్కబడియున్నవి. అవి గోపన్న చేతివ్రేళ్ళు చేసిన పనియేయని చూపరులు నమ్మి నమస్కరింతురు.

రామదాసు కీర్తనములలో మిక్కిలి వేడిగలవి యీ చెఱనుండి పుట్టినవని చెప్పుదురు. వానిలో నొక భక్తుడు దేవునితో మాటలాడు తీరు మునుపు తెనుగున ఇంత సూటిగ వినబడలేదు. మొదట ప్రాధేయపడును. పిదప అలుగును. తాను పెట్టిన ఖర్చును పద్దువెంట పద్దుగా చదివి, ఏ నగ కెంత యైనదో చెప్పి, ఎవని సొమ్మని కులుకుచున్నావని నిలదీయును. అది తహసీలుదారుని జాబితాయే; దస్తరములో నేర్చిన భాషయే. తిట్టిన తరువాత దెబ్బలకు తాళలేక తిట్టితినని పశ్చాత్తాపపడి క్షమాపణ కోరును. తండ్రితో చెప్పిన చాలదని తల్లియగు సీతమ్మను మధ్యవర్తిగ పెట్టి సిఫారసు చేయుమని వేడుకొనును. కొలువులోని మనుష్యుడు పైయధికారిని చేరుటకు ఏ త్రోవ త్రొక్కునో ఆ త్రోవలన్నియు ఆయన దేవుని చేరుటకు త్రొక్కెను. అందుచేతనే శాస్త్రమెఱుగని శ్రోతకు కూడ ఆ కీర్తనము తన మొఱవలె తోచును. అప్పులవాని చేత చిక్కిన రైతు, అమీనా వాకిట నిలిచిన కూలి, అత్తయింట మాటపడిన కోడలు, ఎవరైనను ఆ పాటలో తమ నోరు కనుగొనగలరు.

విడుదల

పండ్రెండవ యేటి చివర, రాత్రివేళ, ఇద్దఱు యువకులు తానీషా పడకగదికి వచ్చిరనియు, తాము రామోజీ లక్ష్మోజీలమని చెప్పి ఆఱు లక్షల మొహరీలు లెక్కపెట్టి రసీదు తీసికొనిరనియు, ఆ రసీదు గోపన్న తలగడక్రింద దొరకెననియు కథ. మేల్కొన్న ప్రభువు జరిగినదెఱిగి, తనకు దర్శనమైనది దేవునికేయని తెలిసి, పరుగున పోయి గోపన్నను విడిపించి క్షమింపుమని వేడెనట. పండ్రెండేండ్లు ఏడ్చిన భక్తునికి కనబడని రాముడు దండించిన ముసల్మాను ప్రభువునకు కనబడెను. ఈ చిత్రమును గోపన్న తన దుఃఖముగను, ప్రభువు తన భాగ్యముగను తలచిరని చెప్పుదురు. ఈ కథను భజనలలో చెప్పువారు హిందువులు. అందు పుణ్యాత్ముడుగ నిలిచినవాడు మహమ్మదీయుడు. తన యిష్టదైవము దర్శనమును ఇతరమతస్థునికి ముందుగ నొసంగిన కథను ప్రేమతో నిలుపుకొనిన జాతి హృదయ మెంత విశాలమో మనము గుర్తింపవలెను.

శ్రీరామనవమి కల్యాణమునకు ప్రభుత్వపక్షమున ముత్యాల తలంబ్రాలు పంపు ఆచారము తానీషాతో ప్రారంభమైనదని ప్రసిద్ధి. ఆ యాచారమును పిదప నిజాములు నడిపిరి; నేటి రాష్ట్రప్రభుత్వము పట్టువస్త్రములతో సహా నడుపుచున్నది. భద్రాద్రి తలంబ్రాలలో గులాలు కలుపుటచే అవి యెఱ్ఱని ఛాయతో నుండును.

గోపన్న భద్రగిరికి మరలి శేషజీవితమును స్వామిసేవలో గడపెనని చరిత్రకథలు. గోలకొండ కథ మాత్రము వేఱుగా ముగిసెను. మొగలు దండయాత్రల కాలముననే అక్కన్న మాదన్నలు హత్యకు గురియైరి. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తరువాత కోట ఔరంగజేబు వశమయ్యెను. బంధీయైన తానీషా దౌలతాబాదు దుర్గమున ఉంచబడి, సుమారు పండ్రెండు సంవత్సరములు చెఱలోనే గడపి, 1699లో మరణించెను. దండించినవానికిని, దండింపబడినవానికిని ఒకే కొలత చెఱ లభించెనని పెద్దలు చెప్పుకొని నిట్టూర్చుట ఇందుచేతనే. రాజును, నౌకరును విధియెదుట సమానులే.

కవిత్వము, పరంపర

రామదాసు రచనలలో దాశరథీశతకము ఉత్పల చంపకమాలలతో నిండిన ప్రౌఢరచన. వీధిబడులలో పిల్లలు దానిని కంఠస్థము చేయు కాలమొకటి యుండెను. కీర్తనములు వేఱొక త్రోవ. వానిలో పదములు తేలిక, నడక జానపదము. పల్లవి నొకసారి విన్నవాడు రెండవసారి కూడ పాడగలడు. భజనగోష్ఠికి పీఠము లేదు, వరుస లేదు. తాళము చేతనున్నవాడే నాయకుడు. కులము నడుగక గొంతు నడుగునట్టి సభ మన దేశమున నేదైన నున్నచో అది భజనగోష్ఠియే. రామదాసు సమానత్వమును గూర్చి సిద్ధాంతగ్రంథము వ్రాయలేదు. సమానముగ కూర్చుండి పాడుటకు వలయు పాటలను వ్రాసెను.

ఆయన పిదప తూము నరసింహదాసు (1790-1833) వరదరామదాసుతో కూడి భద్రగిరికి వచ్చి శిథిలమగుచున్న సేవలను నిలిపి ఉత్సవములను క్రమబద్ధము చేసెను. కావేరీతీరమున త్యాగరాజస్వామి (1767-1847) తన కృతులలో రామదాసును భక్తితో స్మరించెను. కర్ణాటక సంగీతమునకు చక్రవర్తియనదగినవాడు గోదావరి యడవి పాటకానిని పూర్వాచార్యునిగ తలచుట ఎంతటి గౌరవమో వేఱుగా చెప్పనక్కఱలేదు. హరిదాసులు, యక్షగానము లాడువారు ఆయన కథ నూరూర చెప్పిరి. 1964లో చిత్తూరు నాగయ్య రామదాసు చరిత్రమును చలనచిత్రముగ నిర్మించి తానే ఆ పాత్రను ధరించెను. మంగళంపల్లి బాలమురళీకృష్ణ కంఠమున ఆ కీర్తనములు ఇంటింట మ్రోగినవి.

మన కర్తవ్యము

ఇంత చెప్పిన పిదప ఒక మాట చెప్పక ముగించుట ఆ మహాత్మునికి అపచారము. ఆయన పాటలను పాడుచునే మన పూర్వులు ఆంధ్రదేశమున పెక్కు ఆలయముల వాకిళ్ళను మాలమాదిగలకు మూసియుంచిరి. కబీరును లోనికి తెచ్చిన గోపన్నను పొగడిరి. తమ యూరి కబీరును వెలుపలనే నిలిపిరి. భద్రాచలము చేరియుండిన మదరాసు రాష్ట్రమున 1947వ సంవత్సరపు ఆలయప్రవేశ శాసనము వచ్చి హిందువు లందఱికిని ప్రవేశాధికార మిచ్చెను. 1950లో అమలులోనికి వచ్చిన భారతరాజ్యాంగము అస్పృశ్యతను రద్దు చేసెను. భక్తుని జీవితము మూడువందల యేండ్లకు ముందు చూపిన దానిని మనచేత చేయించుటకు శాసనము రావలసివచ్చెను. అడవిపల్లెలలో నేటికిని దమ్మక్క సంతతివంటివారికి భూమియు, చదువును, వైద్యమును చాలినంత అందలేదు. గుడి గోపుర మెంత యెత్తైనను ఆ కొఱత కనబడకపోదు.

గోపన్న మనవాడని చెప్పుకొనుటకు మనకు హక్కు కలదు. అయితే దమ్మక్క కూడ ఆయన మనవాడనియే చెప్పగలదు. కబీరు మార్గమువారును చెప్పగలరు. గోలకొండ మహమ్మదీయుడును చెప్పగలడు. ఆ నలుగురి మాటయు నిజమే యగుట ఆయన గొప్పతనము. మన శాఖ బాలబాలికలకు విద్యార్థివేతనములు, వసతిగృహములు సమకూర్చుచున్న పోషకులు, ఆ యన్నపు పంక్తిలో భద్రాద్రి పొలిమేర పల్లెలనుండి వచ్చు నొక కోయబాలునికిని, ఒక పేద ముసల్మాను బాలికకును ఆకు వేయించినచో, గోపన్న ఋణమును కొంత తీర్చినవారగుదురు. ఆయన సర్కారు సొమ్ముతో చేసి చెఱకు పోయిన పనిని మనము మన సొమ్ముతో చేయవచ్చును. శ్రీభద్రాద్రిరాముడు అట్టి బుద్ధిని మనకందఱకును ప్రసాదించుగాక.